డీ-అడిక్షన్ కేంద్రంలో చేర్చబోయే కుటుంబాలకు

మా బావగారు హైదరాబాదు శివార్లలోని ఒక డీ-అడిక్షన్ కేంద్రంలో ఉండి చికిత్స తీసుకున్న సంగతి మా బంధువర్గంలో అందరికీ తెలుసు కాబట్టి, ఎవరింట్లోనైనా తాగుడు ముదిరినప్పుడు మొదటి ఫోను మా అక్కకో నాకో వస్తుంది. ఫోను చేసినవారు దాదాపు ఒకే వరుసలో అడుగుతారు: ఎన్నాళ్ళు ఉంచుకుంటారు, ఎంత తీసుకుంటారు, బయటికి వచ్చాక మళ్ళీ ముట్టకుండా ఉంటాడా. మూడో ప్రశ్నకు ఏ కేంద్రమూ హామీ ఇవ్వలేదు. ఇచ్చిందంటే అక్కడ చేర్చవద్దనే నేను చెబుతాను. లోపల ఉండి తీసుకునే చికిత్స వల్ల ప్రధానంగా జరిగేవి రెండే. మద్యం ఆపిన తొలి వారంలో శరీరానికి ఎదురయ్యే ప్రమాదాన్ని వైద్యుల పర్యవేక్షణలో దాటించడం మొదటిది. తాగకుండా రోజు గడపడం ఎలాగో మళ్ళీ నేర్చుకోవడానికి, మద్యం దొరకని చోట కొన్ని వారాల వ్యవధి కల్పించడం రెండవది. తక్కినదంతా ఇంటికి వచ్చాక నెలల తరబడి జరగవలసిన పని. ఈ సంగతి ముందుగా ఎవరూ చెప్పకపోవడం వల్లనే, డిశ్చార్జ్ అయిన నెలలోపే డబ్బు దండగ అయిందని వాపోయే కుటుంబాలు కనిపిస్తున్నాయి. అందుకే, బావగారి అనుమతి తీసుకుని, లోపల ఏమి జరుగుతుందో, కుటుంబం ఏమి చేయవలసి ఉంటుందో వివరంగా రాస్తున్నాను. నేను వైద్యుణ్ణి కాను. మందుల గురించి రాసినదంతా అక్కడి సైకియాట్రిస్టులు మాకు చెప్పినదీ, తరువాత నేను చదివి ధ్రువపరచుకున్నదీ మాత్రమే. మోతాదుల జోలికి నేను పోవడం లేదు, మీరూ సొంతంగా పోవద్దు.

తాగే ప్రతి మనిషినీ కేంద్రంలో పెట్టవలసిన అవసరం లేదు. రోజూ తాగుతున్నా ఇంతకుముందు ఫిట్స్ రానివారు, ఇతర పెద్ద జబ్బులు లేనివారు, ఇంట్లో కనిపెట్టుకుని ఉండే మనిషి ఉన్నవారు సైకియాట్రిస్టు దగ్గరికి ఓపీలో వెళ్ళి, ఇంట్లోనే మందులు వేసుకుని మానవచ్చు. అలా మానినవారు మా ఊళ్ళోనే ఉన్నారు. పొద్దున లేవగానే చేతుల వణుకు తగ్గడానికి ఒక గుక్క వేయక తప్పని స్థితికి వచ్చినవారికి, గతంలో మానబోయినప్పుడు ఫిట్స్ వచ్చినవారికి లేదా మతి తప్పి మాట్లాడినవారికి, కాలేయం గానీ గుండె గానీ దెబ్బతిన్నవారికి, చచ్చిపోతానని బెదిరిస్తున్నవారికి, ఒంటరిగా ఉంటున్నవారికి లోపల ఉండి తీసుకునే చికిత్స అవసరమవుతుంది. ఏది ఎవరికి తగునో తేల్చవలసినది వైద్యుడే తప్ప పరువు పోతుందని భయపడే పెదనాన్నగారు కాదు. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసి 2019లో వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం, మద్యానికి బానిసలైనవారిలో ఏదో ఒక చికిత్సో సహాయమో అందినవారు 38 మందికి ఒక్కరు. ఎక్కడైనా చేరి చికిత్స పొందినవారు 180 మందికి ఒక్కరు. అంటే మన చుట్టూ ఉన్నవారిలో అత్యధికులు ఓపీ గడప కూడా తొక్కడం లేదు.

చికిత్స దొరికే చోట్లన్నీ ఒక తీరువి కావు. హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల వంటి ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. అనంతపురం, చిత్తూరు వైపు వారు చాలామంది బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌కు వెళ్తారు. అక్కడ వ్యసన చికిత్సకు ప్రత్యేక విభాగమే ఉంది. నెల్లూరు, తిరుపతి వారికి చెన్నైలో శాంతి రంగనాథన్ గారు 1980లో స్థాపించిన టీటీకే ఆసుపత్రి పేరు పరిచితమే. కేంద్ర ప్రభుత్వ గ్రాంటుతో స్వచ్ఛంద సంస్థలు జిల్లాల్లో నడిపే పునరావాస కేంద్రాలు మరొక రకం; దగ్గరలోని కేంద్రమేదో 14446 నంబరుకు ఫోను చేసి తెలుసుకోవచ్చు. ఇవి పోను, కార్పొరేట్ ఆసుపత్రుల సైకియాట్రీ వార్డులు, నగరాల అంచున అద్దె బంగళాల్లో నడిచే ప్రైవేటు రీహాబ్‌లు ఉన్నాయి. ఈ చివరి రకంలో బహు మంచివీ ఉన్నాయి, బహు చెడ్డవీ ఉన్నాయి. బయటి బోర్డును చూసి తేడా చెప్పడం సాధ్యం కాదు.

కాబట్టి చేర్చే ముందు ఒక్కసారైనా స్వయంగా వెళ్ళి చూడాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల తలెత్తే మానసిక స్థితులను కూడా మానసిక అనారోగ్యంలో భాగంగానే నిర్వచించింది. అందువల్ల ఇటువంటివారిని చేర్చుకుని చికిత్స చేసే సంస్థ రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర నమోదై ఉండాలి. ఆ పత్రం చూపించమని అడగడానికి మొహమాటపడనక్కరలేదు. సైకియాట్రిస్టు వారానికి ఎన్నిసార్లు వస్తారు, రాత్రిపూట నర్సు ఉంటారా లేక తాళం వేసే వాచ్‌మన్ ఒక్కడేనా, అర్ధరాత్రి ఫిట్స్ వస్తే ఏ ఆసుపత్రికి ఏ వాహనంలో తీసుకెళ్తారు అన్నవి నా దృష్టిలో తక్కిన అన్ని ప్రశ్నలకన్నా ముఖ్యమైనవి. తోట, ఏసీ గది, ఈతకొలను ఫొటోల వల్ల, మద్యం ఆపిన రెండో రాత్రి ఉపయోగమేమీ ఉండదు. కౌన్సెలింగ్ ఏ భాషలో జరుగుతుందో కూడా అడగండి. పదో తరగతి దాకా తెలుగులో చదివి, జీవితమంతా తెలుగులోనే బాధపడిన మనిషి తన తండ్రి గురించి, అప్పుల గురించి హిందీలోనో ఇంగ్లీషులోనో చెప్పుకోవలసి వస్తే పైపై మాటలు నాలుగు చెప్పి ఊరుకుంటాడు. మేము మొదట చూసిన ఒక ఖరీదైన చోటును ఈ కారణంగానే వదులుకున్నాము.

చట్టం గురించి మరికొంత చెప్పాలి, ఎందుకంటే కుటుంబాలు తెలియక ఎక్కువ తప్పటడుగులు వేసేది ఇక్కడే. కొన్ని ప్రైవేటు కేంద్రాలు ‘మీరు అడ్రసు ఇస్తే చాలు, మా వాళ్ళు వ్యానులో వచ్చి తీసుకెళ్తారు’ అని చెబుతాయి. రాత్రివేళ నలుగురు మనుషులు ఇంట్లోకి వచ్చి, రెక్కలు విరిచి కట్టి, పిల్లల ఎదుట ఈడ్చుకెళ్ళడాన్ని ఆ చట్టం చికిత్సగా గుర్తించదు. మనిషి ఇష్టపడి చేరితే అది స్వతంత్ర ప్రవేశం. వెళ్ళిపోతానంటే పంపాలి, తప్పనిసరి పరిస్థితుల్లో పరీక్ష చేయడానికి 24 గంటలపాటు మాత్రం ఆపవచ్చు. తన మంచి చెడ్డలు నిర్ణయించుకోలేనంతగా పరిస్థితి విషమించి, తనకో ఇతరులకో హాని తలపెట్టడమో, తన శరీరాన్ని తాను చూసుకోలేకపోవడమో జరిగినప్పుడు, అతని తరఫు ప్రతినిధి దరఖాస్తు మీద చేర్చుకోవచ్చు. అప్పుడు కూడా ఒక సైకియాట్రిస్టు, మరొక మానసిక ఆరోగ్య నిపుణుడు లేదా వైద్యుడు విడివిడిగా పరీక్షించి ఉండాలి. ఆ ప్రవేశం 30 రోజులకు మించదు, మించాలంటే వేరే నిబంధనలు, సమీక్షా బోర్డు అనుమతి అవసరమవుతాయి. గొలుసులతో కట్టడాన్ని చట్టం ఏ రూపంలోనూ అనుమతించదు. ఆరు నెలల ఫీజు ముందే కట్టించుకుని, నెల రోజులదాకా చూడడానికి రావద్దనే కేంద్రం కనబడితే వెనక్కి తిరిగి రండి. గంజాయి, ఇతర మాదకద్రవ్యాల కేసుల్లో తల్లిదండ్రులు పోలీసులకు భయపడి చికిత్సకే తీసుకురారు. కొద్దిపాటి పరిమాణంతో పట్టుబడి, స్వచ్ఛందంగా ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వచ్చినవారికి మాదకద్రవ్యాల నేరాలకు వర్తించే ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షన్ ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఇచ్చే వీలు కల్పిస్తుందనీ, చికిత్స పూర్తి చేయకపోతే ఆ రక్షణ పోవచ్చుననీ వారు తెలుసుకోవాలి.

ఇక చేరే రోజు. పెట్టెంతా వెతుకుతారు, అవమానంగా భావించవద్దు. ఆఫ్టర్‌షేవ్, మౌత్‌వాష్, శానిటైజర్, దగ్గు సిరప్పు వంటివి తీసివేస్తారు, ఎందుకంటే వాటిలో చాలావాటిలో ఆల్కహాల్ ఉంటుంది. సెల్‌ఫోను, డబ్బు, ఏటీఎం కార్డు, చాలాచోట్ల ఉంగరాలు, గొలుసులు కూడా కుటుంబానికి అప్పగిస్తారు. రక్తపోటు, షుగరు, కాలేయ పరీక్షలు, ఈసీజీ, అవసరమైతే మూత్రంలో మాదకద్రవ్యాల పరీక్ష చేస్తారు. తరువాత రోగితోనూ కుటుంబంతోనూ విడివిడిగా మాట్లాడతారు. ఈ మాటల్లో నిజం చెప్పడం ఎంత అవసరమో ఎంత చెప్పినా తక్కువే. రోజుకు ఒక ఫుల్ తాగే మనిషి డాక్టరు ముందు ‘ఒక క్వార్టరు, అదీ ఒక్కోసారి’ అంటాడు. పక్కన కూర్చున్న భార్య సిగ్గుతో తల వంచుకుని ఊరుకుంటుంది. ఆ లెక్కను బట్టే తొలి రోజుల మందు మోతాదు నిర్ణయిస్తారు కాబట్టి, సగం చెబితే ఫిట్స్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది. చివరిసారి ఏ గంటకు తాగాడు, మధ్యలో నిద్రమాత్రలు వాడుతున్నాడా, కల్లు కూడా తాగుతాడా, తలకు దెబ్బ తగిలిందా, గతంలో మానినప్పుడు ఏమి జరిగింది అన్న సంగతులు ఒక కాగితం మీద రాసుకుని వెళ్తే మేలు. మా అక్క అలా రాసి తీసుకువెళ్ళిన కాగితాన్ని డ్యూటీ డాక్టరు కేసు షీటుకు పిన్ను చేశారు.

మొదటి వారం గురించి కుటుంబాలకు ఉన్న ఊహకూ వాస్తవానికీ చాలా దూరం. చివరి గుక్క తరువాత ఆరేడు గంటల్లోనే వణుకు, చెమట, వాంతులు, గుండెదడ మొదలవుతాయి. ఫిట్స్ వచ్చేవారికి ఎక్కువగా తొలి రెండు రోజుల్లో వస్తాయి. రెండో రోజు మొదలుకొని నాలుగో రోజు దాకా కొందరికి మతిభ్రమ కలుగుతుంది: గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, చనిపోయిన తల్లి గుమ్మంలో నిలబడిందంటారు, తాను ఎక్కడున్నాడో ఏ రోజో తెలియదు, జ్వరం వస్తుంది, నాడి పరుగెత్తుతుంది. దీన్ని డెలీరియమ్ ట్రెమెన్స్ అంటారు. ఇది గాలి సోకడం కాదు, పిచ్చి పట్టడమూ కాదు. ఏళ్ళ తరబడి మద్యం మత్తుకు సర్దుకున్న మెదడు, ఆ మత్తు ఒక్కసారి తొలగిపోయినప్పుడు అదుపు తప్పి ఉద్రేకపడడం. చికిత్స లేకపోతే ప్రాణం పోగలదు. అందుకే ‘గదిలో పెట్టి తాళం వేస్తే మూడు రోజుల్లో వాడే మానుతాడు’ అన్న పెద్దల సలహా, తీవ్రంగా తాగేవారి విషయంలో అత్యంత ప్రమాదకరమైనది. కేంద్రంలో క్లోర్‌డయజెపాక్సైడ్, లోరాజెపామ్ వంటి మందులు మొదట తగినంతగా ఇచ్చి, రోజురోజుకూ తగ్గిస్తూ వారం పది రోజుల్లో ఆపివేస్తారు. వాటితోపాటు థయమిన్, అంటే విటమిన్ బి1, తరచుగా ఇంజెక్షన్ రూపంలో ఇస్తారు. తాగేవారిలో ఈ విటమిన్ నిల్వలు అడుగంటి ఉంటాయి. ఆ స్థితిలో థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయి, మెదడు శాశ్వతంగా దెబ్బతినే అవకాశం ఉంది. నీరసంగా ఉన్నాడని దారిలోని ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజు సెలైన్ పెట్టించి తీసుకువచ్చే మన అలవాటు ఈ కారణంగా మంచిది కాదు.

తెలంగాణ కుటుంబాలు ప్రత్యేకంగా గమనించవలసినది కల్తీ కల్లు. చెట్టు కల్లు వేరు. అల్ప్రజోలం, డయజెపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపి అమ్మేది వేరు. తాగేవారు తాము కల్లే తాగుతున్నామనుకుంటారు కానీ, వారి శరీరం నిద్రమాత్రలకు బానిసై ఉంటుంది. 2020లో లాక్‌డౌన్ వల్ల కల్లు దుకాణాలు మూతపడినప్పుడు ఎర్రగడ్డ ఆసుపత్రికి వింతగా ప్రవర్తిస్తున్నవారినీ, ఫిట్స్ వచ్చినవారినీ కుటుంబాలు వరుసగా తీసుకురావడం పత్రికల్లో చూసే ఉంటారు. ‘కల్లే కదా’ అని డాక్టరుకు చెప్పకుండా దాచడం ఈ కారణంగా పెద్ద పొరపాటు అవుతుంది. గంజాయి మానినవారికి ఇంతటి శారీరక ప్రమాదం సాధారణంగా ఉండదు. చిరాకు, నిద్రలేమి, ఆకలి మందగించడం కొన్ని వారాలుంటాయి. కొందరిలో భ్రమలు, అనుమానాలు బయటపడితే దానికి వేరే చికిత్స కావాలి. హెరాయిన్, నొప్పి ఇంజెక్షన్ల వంటివి మానినవారికి ఒళ్ళు నొప్పులు, విరేచనాలు, ముక్కు కారడం నరకంగా ఉంటాయి. అయితే వారికి అసలైన అపాయం చికిత్స తరువాత పొంచి ఉంటుంది: కొన్ని వారాలు మానాక శరీరం పాత మోతాదును తట్టుకోలేదు, అంతే మోతాదు మళ్ళీ తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. వారికి బ్యూప్రినార్ఫిన్ వంటి మందు దీర్ఘకాలం ఇవ్వడం ‘ఒక మత్తు బదులు మరో మత్తు’ అని ఈసడించదగినది కాదు. అది వారి ప్రాణం కాపాడే చికిత్స.

ఈ తొలి వారంలో ఇంటికి ఫోన్లు వస్తాయి. ఇక్కడ కొడుతున్నారు, తిండి బాగాలేదు, అందరూ పిచ్చివాళ్ళే, నాకు అంతా తగ్గిపోయింది, రేపే వచ్చి తీసుకెళ్ళు అన్నవి సాధారణంగా వినబడే మాటలు. మా బావగారు మూడో రోజున అక్కకు ఫోను చేసి, పసుపు కుంకుమలు గుర్తు చేసి ఏడిపించారు. ఇటువంటప్పుడు కుటుంబం రెండు వైపులా జాగ్రత్తగా ఉండాలి. నిజంగానే కొట్టే చోట్లు ఉన్నాయి కనుక ఫిర్యాదును కొట్టిపారేయకూడదు. వెళ్ళి కళ్ళతో చూడాలి, ఒంటి మీద గుర్తులున్నాయేమో గమనించాలి, మనిషితో ఏకాంతంగా మాట్లాడనివ్వమని అడగాలి. అక్కడ అంతా సవ్యంగా ఉందని తేలితే మాత్రం, అది విత్‌డ్రాయల్, అంటే మత్తు ఆపినందువల్ల కలిగే బాధ, మాట్లాడిస్తున్న మాట అని గ్రహించి, డాక్టరును సంప్రదించకుండా తీసుకురాకూడదు. ఐదారు రోజులు గడిచాక అదే మనిషి ఇంటి దగ్గర కుక్కకు అన్నం పెడుతున్నారా అని అడుగుతాడు.

తరువాతి వారాలు పైకి చూడడానికి చప్పగా ఉంటాయి. పొద్దున ఆరింటికి లేపుతారు. యోగాసనాలో నడకో, టీ, టిఫిను, మందులు, గ్రూపు సమావేశం, భోజనం, కాసేపు నిద్ర, విడిగా కౌన్సెలింగ్, సాయంత్రం క్యారమ్సో వాలీబాలో, మళ్ళీ ఒక సమావేశం, ఎనిమిదింటికి భోజనం, పదింటికి దీపాలు ఆర్పడం. పక్క సర్దుకోవడం, కంచం కడుక్కోవడం, వంతులవారీగా వరండా ఊడవడం వారి పనే. కుటుంబంలో ఎన్నడూ చెంబెడు నీళ్ళు ముంచుకోని మగవారికి ఇది కష్టంగా తోస్తుంది. విసుగు వీటన్నిటికన్నా పెద్ద సమస్య. సాయంత్రం ఆరు దాటాక ఏమి చేయాలో తెలియని మనిషికి ఆ ఖాళీయే తాగుడుకు మూలం కాబట్టి, ఆ ఖాళీని మద్యం లేకుండా భరించడం అక్కడే మొదలవుతుంది. నిద్ర సరిగ్గా కుదురుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. తీపి మీద యావ పెరుగుతుంది. సిగరెట్లను, బీడీలను కొన్ని కేంద్రాలు అనుమతిస్తాయి. రెండు యుద్ధాలు ఒకేసారి వద్దనే వాదన నాకు అర్థమవుతుంది కానీ, మద్యం మానినవారిని తరువాత పొగాకు చంపడం చూశాక ఆ వాదన నాకు పూర్తిగా రుచించడం లేదు.

గ్రూపు సమావేశం గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే చికిత్సలో అసలు పని జరిగేది అక్కడని బావగారు ఇప్పటికీ అంటారు. వృత్తాకారంలో వేసిన ప్లాస్టిక్ కుర్చీల్లో బ్యాంకు అధికారి, ఆటో డ్రైవరు, కాంట్రాక్టరు, ఇంజినీరింగు మధ్యలో ఆపేసిన కుర్రాడు పక్కపక్కన కూర్చుంటారు. మొదటి రోజుల్లో ప్రతివాడూ తాను తక్కినవారివంటి వాడిని కాననే నమ్మకంతో ఉంటాడు: నేను ఖరీదైన సరుకే తాగుతాను, నేను ఉద్యోగం పోగొట్టుకోలేదు, నేను భార్య మీద చేయి చేసుకోలేదు. బావగారి విషయంలో ఆ నమ్మకాన్ని సడలించినది కౌన్సెలర్ కాదు, ఒక ఆటో డ్రైవరు. తన కూతురు స్కూలు ఫీజు డబ్బు జేబులో పెట్టుకుని వైన్ షాపు దాటి వెళ్ళలేకపోయిన రోజును అతను ఏ అలంకారమూ లేకుండా చెప్పాడట. ఆ రాత్రి బావగారికి తమ పెద్దవాడి కాలేజీ డబ్బు గుర్తుకువచ్చింది. ఆ సంగతి మా అక్కకు కూడా అప్పటిదాకా తెలియదు. చదువుకున్నవాడి బుర్ర సాకులు వెతకడంలో చురుకుగా ఉంటుంది, పక్కవాడి కథలో తన కథ వినబడినప్పుడు ఆ చురుకు పనిచేయదు. కౌన్సెలర్లు దీనికి తోడుగా, ఏ వేళ, ఏ మనిషి, ఏ కోపం తనను తాగుడు వైపు నెడుతున్నాయో రాయిస్తారు. రమ్మని పిలిచే స్నేహితుడికి ‘వద్దు’ అని చెప్పడం పదేపదే మాట్లాడించి అభ్యాసం చేయిస్తారు. ఇది విన్నప్పుడు పిల్లల నాటకంలా అనిపించింది కానీ, పెళ్ళి విందులో బావమరుదులు చుట్టుముట్టినప్పుడు బావగారికి ఉపయోగపడినది ఆ అభ్యాసమే.

చాలా కేంద్రాల్లో ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ), అంటే తాగుడు మానడానికి ఒకరికొకరు తోడ్పడేవారి సమాఖ్య, సభ్యులు వచ్చి సమావేశం జరుపుతారు. 1935లో అమెరికాలో మొదలై, 1957లో మన దేశానికి వచ్చిన ఈ సమాఖ్యకు ఫీజు లేదు, మానాలన్న కోరిక ఒక్కటే సభ్యత్వానికి అర్హత. అందులోని పన్నెండు మెట్లలో భగవంతుడి ప్రస్తావన ఉండడం నాస్తికులైన కొందరికి ఇబ్బందిగా ఉంటుంది, మా బావగారికీ ఉండేది. ఆ మాటను పక్కనపెట్టి మనుషుల కోసం వెళ్తానని ఆయన తేల్చుకున్నారు. కుటుంబ సభ్యులకు అల్-అనాన్ అనే సమావేశాలు వేరుగా ఉంటాయి. మా అక్క మొదట ‘తాగింది ఆయన, నాకెందుకు క్లాసు’ అని వెళ్ళలేదు. తరువాత వెళ్ళింది. జేబులు వెతకడం, నోటి వాసన చూడడం, ఆఫీసుకు ఫోను చేసి జ్వరమని అబద్ధం చెప్పడం తన దినచర్యగా మారిపోయాయనీ, ఆయన మానినా ఆ దినచర్య తనను వదలడం లేదనీ ఆమె అక్కడే మొదటిసారి బయటికి చెప్పుకుంది. కేంద్రంలో జరిగే కుటుంబ సమావేశంలో పాత కోపాలు బయటపడతాయి, గొంతులు లేస్తాయి. అది చెడిపోవడం కాదు. అయితే ఆదివారం చూడడానికి వెళ్ళినప్పుడు అప్పులవాళ్ళ కబుర్లు, పొలం తగాదా, మీ అమ్మ నన్నేమన్నదో తెలుసా అనే సంగతులు మోసుకెళ్ళవద్దు. రహస్యంగా ఫోనో డబ్బో అసలే ఇవ్వవద్దు. చుట్టాల పెళ్ళి ఉందని రెండు రోజులకు బయటికి తీసుకురావడం కూడా మన వైపు ఎక్కువగా జరిగే అనర్థం.

మందుల సంగతికి వస్తే, తొలి వారం తరువాత తాగాలన్న తపనను తగ్గించడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్, బాక్లోఫెన్ వంటివి కాలేయం, మూత్రపిండాల స్థితిని బట్టి రాస్తారు. డైసల్ఫిరామ్ అన్నది వేరే జాతి. అది వేసుకున్న మనిషి మద్యం తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. మాత్ర ఆపిన రెండు వారాల దాకా కూడా ఆ ప్రభావం ఉంటుంది. రోగికి అంతా వివరించి, అతను ఒప్పుకున్నాకనే వాడవలసిన మందు అది. గోడల మీదా, యూట్యూబులోనూ ‘తెలియకుండా కూరలో కలిపి మాన్పించండి’ అంటూ అమ్మే పొడుల్లో ఏముందో చెప్పేవారుండరు. భర్త తాగి వస్తాడని తెలిసీ ఇటువంటిది అన్నంలో కలపడం విషప్రయోగంతో సమానం.

ఖర్చు విషయం త్వరగా ముగిస్తాను. ప్రభుత్వ ఆసుపత్రుల్లో, గ్రాంటుతో నడిచే కేంద్రాల్లో ఖర్చు లేదు లేదా నామమాత్రం. ప్రైవేటు చోట్ల నెలవారీ మొత్తంలో మందులు, పరీక్షలు, డాక్టరు ఫీజు కలిసి ఉన్నాయో లేదో, మధ్యలో తీసుకువస్తే ఎంత తిరిగి ఇస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. మానసిక అనారోగ్యానికి శారీరక అనారోగ్యంతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 చట్టం చెబుతున్నా, మద్యం, మాదకద్రవ్యాల వ్యసన చికిత్సను మినహాయించే ప్రామాణిక షరతు ఆరోగ్య బీమా పాలసీల్లో సాధారణంగా ఉంటుంది. దాని మీద ఆశ పెట్టుకుని అప్పు చేయవద్దు.

డిశ్చార్జ్ రోజున మా ఇంట్లో కొందరు స్వీట్లు పంచుదామన్నారు. అక్క వద్దంది, ఆమె మాటే సరైనది. ఆ రోజు నుంచి మొదటి మూడు నెలలు అన్నిటికన్నా గడ్డు కాలం. కేంద్రం నుంచి వచ్చేటప్పుడే తరువాతి ఓపీ తేదీ, వాడవలసిన మందుల చీటీ, దగ్గరలోని ఏఏ సమావేశం జరిగే స్థలం, అర్ధరాత్రి అయినా ఫోను చేయదగిన ఒక మనిషి నంబరు చేతిలో ఉండాలి. ఇంట్లో ఏ మూలా సీసా ఉండకూడదు, వచ్చిన అతిథి కోసమైనా సరే. జీతం పడిన రోజు, శనివారం సాయంత్రం, దసరా, సంక్రాంతి, ఊళ్ళో జాతర, ఎవరిదైనా దినం భోజనాలు వంటివి ముందుగానే క్యాలెండరులో గుర్తుపెట్టుకుని, ఆ పూట ఎక్కడ ఉండాలో, ఎవరితో ఉండాలో, ఎన్ని గంటలకు లేచి వచ్చేయాలో కలిసి మాట్లాడుకోవాలి. బావగారు తొలి ఏడాది మా పెదనాన్నగారి దినానికి వచ్చి, భోజనం వడ్డించకముందే అక్కతో కలిసి వెళ్ళిపోయారు. నలుగురూ నాలుగు మాటలు అన్నారు, అననివ్వండి. ఆర్థిక వ్యవహారాలన్నీ ఒక్కసారిగా అతని చేతిలో పెట్టవద్దు, అలాగని చిన్నపిల్లవాడిలా రోజూ బస్సు ఛార్జీలు లెక్కపెట్టి ఇవ్వవద్దు. ఈ రెంటి మధ్య ఎక్కడ నిలబడాలో కౌన్సెలర్ ముందు కూర్చుని, అతని సమక్షంలోనే, అతని మాట కూడా విని తేల్చుకోవడం మంచిది.

మళ్ళీ తాగడం తరచుగా జరుగుతుంది, మంచి చికిత్స అందినవారిలో కూడా జరుగుతుంది. మా బావగారికీ ఒకసారి జరిగింది. అప్పుడు తిట్టడం, గదిలో పెట్టడం, మీ కోసం ఇంత ఖర్చు చేశామని పాత బాకీలు విప్పడం వల్ల రెండో రోజు తాగుడు మూడో రోజుకు పాకుతుంది. ఎప్పుడు మొదలైంది, ఎంత తాగాడు, రోజూ వేసుకునే మందుల్లో ఏవి వేసుకున్నాడు, డైసల్ఫిరామ్ వాడుతున్నాడా అన్నవి కాగితం మీద రాసుకుని, తాగిన మత్తు దిగేదాకా ఆగకుండా ఆ రోజే చికిత్స చేసిన డాక్టరుకు ఫోను చేయాలి. ఒక్క పూటతో ఆగిందో, రోజుల తరబడి సాగిందో చూసి, ఓపీలో సరిపోతుందో మళ్ళీ చేర్చుకోవాలో వారు చెబుతారు. డాక్టరు అందుబాటులో లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్ 14416 నంబరులో పగలూ రాత్రీ తెలుగులో మాట్లాడేవారు ఉంటారు. ఫిట్స్ వచ్చినా, మతి తప్పి మాట్లాడినా, పిలిస్తే పలకకపోయినా ఈ ఫోన్లేవీ పెట్టుకోకుండా 108కి చేసి నేరుగా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.